జోర్కీ-4కు తక్కువ ఖర్చులో వైడ్ యాంగిల్ లెన్సు: 35 మిల్లీమీటర్ల దగ్గరే ఆగమని ఎందుకు అంటున్నానంటే

మీ దగ్గర సోవియట్ ఫిల్ము కెమెరా జోర్కీ-4 ఉందనీ, దానితో వచ్చిన 50 మిల్లీమీటర్ల జూపిటర్-8తో ఏడాదిగా ఫోటోలు తీస్తున్నారనీ, ఇరుకు గదుల్లో నలుగురు మనుషులు కూర్చుంటే ఫ్రేములో పట్టడం లేదనీ రాశారు. 21, 28, 35 మిల్లీమీటర్లలో ఏది కొనాలి, ఎక్కువ డబ్బు పెట్టకుండా దేన్ని సంపాదించవచ్చు అన్నది మీ ప్రశ్న. నేను ఇదే కెమెరాతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, లెన్సు ఎంపికలో ఒకసారి పొరపాటు కూడా చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మర మౌంటు (కెమెరాకు మరలా తిప్పి బిగించే ఏర్పాటు) ఉన్న 35 మిల్లీమీటర్ల జూపిటర్-12 తీసుకోండి, మిగిలిన డబ్బును దానికి తగిన విడి వ్యూఫైండరు కోసం ఉంచుకోండి.

ముందుగా ఫోకల్ లెంగ్త్ సంగతి చూద్దాం. కోణాల అంకెలు చదివితే తేడా సరిగా ఊహకు అందదు కాబట్టి, మూడు మీటర్ల దూరంలో ఒక గోడ ఉందనుకోండి. అడ్డంగా పట్టుకున్న కెమెరాలో 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ గోడ వెడల్పు దాదాపు 2.2 మీటర్ల మేర వస్తుంది. 35తో 3.1 మీటర్లు, 28తో 3.9 మీటర్లు, 21తో 5.1 మీటర్లు వస్తాయి. ఇద్దరు పట్టే చోట ముగ్గురు నలుగురు పట్టాలన్నదే మీ అవసరమైతే 35 దాన్ని తీరుస్తుంది. 21 మిల్లీమీటర్ల లెన్సు ఇచ్చేది వేరే రకమైన చిత్రం. అంచుల్లో ఉన్న ముఖాలు పక్కకు సాగుతాయి, కెమెరాను కొంచెం పైకెత్తినా గోడలు లోపలికి వాలినట్టు కనిపిస్తాయి, ఫ్రేము మధ్యలో ఉన్న మనిషి చిన్నవాడైపోయి చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఆ చిత్రభాష కావాలని కోరుకునేవాళ్లు ఉన్నారు, అయితే మనుషుల్ని తీయడానికి మొదటి వైడ్ లెన్సుగా దాన్ని నేను సూచించను.

జోర్కీ లాంటి రేంజ్‌ఫైండరు కెమెరాలో, అంటే లెన్సు గుండా కాకుండా విడి కిటికీలో రెండు బింబాలను కలిపి ఫోకస్ చేసే కెమెరాలో, పాతకాలపు వైడ్ లెన్సు కూడా ఇంత బాగా పనిచేయడానికి కారణం కెమెరా నిర్మాణంలోనే ఉంది. లెన్సు గుండా వచ్చిన దృశ్యాన్ని అద్దంతో చూపించే ఎస్ఎల్ఆర్ కెమెరాలో ఆ ఊగే అద్దానికి చోటు వదలాలి కాబట్టి లెన్సు వెనక భాగం ఫిల్ముకు దూరంగా ఉండి తీరాలి, అందుకోసం వైడ్ లెన్సుల నిర్మాణాన్ని సంక్లిష్టం చేయాల్సి వస్తుంది. ఇక్కడ ఆ అద్దం లేదు. వెనక గాజును ఫిల్ముకు బాగా దగ్గరగా తీసుకువెళ్లవచ్చు, అందువల్ల తక్కువ గాజులతో, చిన్న పరిమాణంలో, సరళరేఖలు వంగకుండా చిత్రించే లెన్సు సాధ్యమవుతుంది. జూపిటర్-12 అలాంటిదే. 1930లలో లుడ్విగ్ బెర్టెలె జైస్ సంస్థ కోసం రూపొందించిన 35 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 బయోగాన్‌కు ఇది సోవియట్ రూపం. నాలుగు గుంపుల్లో ఆరు గాజులు ఉంటాయి. దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే వెనక గాజు బుడగలా బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది కెమెరాలో పడుతుందా అని అనుమానం వస్తుంది గానీ జోర్కీలోనూ, దానిలాంటి మరో సోవియట్ కెమెరా ఫెడ్‌లోనూ నిశ్చింతగా పడుతుంది. లైకా ఎం5, లైకా సీఎల్ లాంటి కెమెరాల్లో కాంతిని కొలిచే మీటరు చేయి లెన్సు వెనకకు వచ్చి నిలుస్తుంది కాబట్టి వాటికి మాత్రం దీన్ని బిగించకూడదు.

ఇక మౌంటు సంగతి. కొత్తగా కొనేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. జోర్కీ-4 మౌంటును ఎం39 అనీ, లైకా మర అనీ, ఎల్‌టీఎం అనీ పిలుస్తారు. మౌంటు ముఖం నుంచి ఫిల్ము వరకు ఉండే దూరం 28.8 మిల్లీమీటర్లు. అయితే పాత జెనిట్ ఎస్ఎల్ఆర్ కెమెరాలకు కూడా 39 మిల్లీమీటర్ల మరే ఉండేది. వాటిలో ఆ దూరం 45.2 మిల్లీమీటర్లు. రెండు రకాల లెన్సులూ మీ కెమెరా మీద చక్కగా తిరిగి బిగుసుకుంటాయి, కానీ జెనిట్ లెన్సు ఫిల్ముకు 16 మిల్లీమీటర్లకు పైగా దగ్గరగా వచ్చేస్తుంది కాబట్టి ఏ దూరానికీ ఫోకస్ కుదరదు.

నేను చేసిన పొరపాటు ఇదే. ఎం39 వైడ్ లెన్సు అని రాసి అమ్మకానికి పెట్టిన మీర్-1ను చూశాను. అది 37 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 లెన్సు, ముందు రింగు మీద బ్రస్సెల్స్ 1958 గ్రాండ్ ప్రి అని చెక్కి ఉంది, ధర అందుబాటులో ఉంది. రేంజ్‌ఫైండరుకు సరిపోతుందా అని అడిగితే, మర అదే కాబట్టి సరిపోతుందని అమ్మినవారు చెప్పారు. బిగించాను, ఒక ఫిల్ము పూర్తిగా తీశాను. వ్యూఫైండరులో అంతా స్పష్టంగానే కనిపించింది, ఎందుకంటే రేంజ్‌ఫైండరు కెమెరాలో మనం లెన్సు గుండా చూడం. ఫిల్ము కడిగి చూస్తే ముప్పై ఆరు ఫ్రేముల్లో ఒక్కదాంట్లోనూ మనిషి రూపం తేలలేదు. మీర్-1 మంచి లెన్సే, మన కెమెరాది కాదు, అంతే. కాబట్టి పేరూ మర కొలతా చూసి ఊరుకోకుండా, లెన్సు వెనక వైపు ఫోటో అడగండి. రేంజ్‌ఫైండరు లెన్సుకు వెనక లోపలి వైపు ఒక లోహపు అంచు ఉంటుంది, ఫోకస్ రింగు తిప్పినప్పుడు అది ముందుకూ వెనక్కూ జరిగి కెమెరాలోని రేంజ్‌ఫైండరు చేతిని నెడుతుంది. అది లేని లెన్సు మీ పనికి రాదు.

మరో చిన్న జాగ్రత్త: జూపిటర్-12 అన్న పేరుతోనే కీవ్ కెమెరాల బయోనెట్ మౌంటుకు (మర లేకుండా కొంచెం తిప్పితే పట్టుకునే రకం) కూడా లెన్సులు తయారయ్యాయి. అవి మీ మర మీద ఎక్కవు. అలాగే లైకా ఎం మౌంటుకు వచ్చే కొత్త చవక లెన్సులను చూసి ఆశపడకండి. మర లెన్సును అడాప్టరుతో ఎం కెమెరా మీద వాడవచ్చు గానీ ఎం లెన్సును మర కెమెరా మీద వాడే దారి లేదు, ఎందుకంటే ఎం మౌంటు దూరం 27.8 మిల్లీమీటర్లే, అడాప్టరుకు చోటే మిగలదు.

లెన్సు ధరతోనే ఖర్చు అయిపోదని చాలామంది ముందుగా లెక్క వేసుకోరు. జోర్కీ-4 వ్యూఫైండరు 50 మిల్లీమీటర్ల దృశ్యాన్నే చూపిస్తుంది, అందులో 35 ఫ్రేము గీతలు లేవు. కెమెరా పైన ఉన్న షూలో (బిగింపు గాడిలో) విడి ఫైండరు అమర్చుకోవాలి. 28, 35, 50, 85, 135 మిల్లీమీటర్లకు తిరిగే సోవియట్ టరెట్ ఫైండరు బరువుగా ఉన్నా, దగ్గరి దూరాలకు సర్దుకునే ఏర్పాటు దానికి ఉంది కాబట్టి నేను దాన్నే ఇష్టపడతాను. కొన్నిసార్లు మంచి ఫైండరు ధర లెన్సు ధరకు దగ్గరగా వస్తుంది. 21 మిల్లీమీటర్ల ఫైండర్లయితే అరుదుగా దొరుకుతాయి, దొరికినా ఖరీదు ఎక్కువ. 35 వైపు మొగ్గమనడానికి ఇదొక పెద్ద కారణం. పైగా 35కు ఫైండరు దొరికేదాకా పని ఆగదు. కెమెరా ఫైండరులో కనిపించే దృశ్యానికి కుడి ఎడమల ఐదో వంతు చొప్పున అదనంగా వస్తుందని మనసులో పెట్టుకుని నేను కొన్ని నెలలు పనిచేశాను. 21తో అలాంటి అంచనా సాధ్యం కాదు.

28 మిల్లీమీటర్ల వైపు వెళ్లాలనుకుంటే సోవియట్ వాటిలో ఓరియన్-15 ఉంది, సరళరేఖల్ని ఏమాత్రం వంగకుండా చిత్రిస్తుంది. కానీ దాని గరిష్ఠ అపర్చరు, అంటే కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ 6 మాత్రమే (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతుంది). మీరు రాసినట్టు గది వెలుతురులో తీయాలంటే అది చాలదు, తక్కువ ధరకూ దొరకదు. 25 మిల్లీమీటర్ల ఫోక్ట్‌లాండర్ స్నాప్‌షాట్-స్కోపార్ చక్కని లెన్సే గానీ రేంజ్‌ఫైండరుతో అనుసంధానం లేదు, దూరాన్ని కంటితో అంచనా వేసి పెట్టుకోవాలి. 35లోనే మెరుగైనవి కావాలంటే కానన్ 35 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8, లైట్జ్ సుమ్మరోన్ ఎఫ్ 3.5, ఫోక్ట్‌లాండర్ కలర్-స్కోపార్ ఎఫ్ 2.5 ఉన్నాయి. ధర సహజంగానే పెరుగుతుంది. వీటిలో సుమ్మరోన్ కొనేటప్పుడు లోపలి గాజుల మీద పొగలాంటి మసక పట్టిందేమో తప్పక పరీక్షించాలి. ఇంకొక మాట, జోర్కీ, ఫెడ్‌లలో లెన్సును తాకే చేయి లైకాలో ఉన్నట్టు గుండ్రని చక్రం కాదు, మొనలాంటి లోహపు ముక్క. వెనక అంచు పూర్తి వలయంగా కాకుండా చిన్న ముక్కగా ఉన్న కొన్ని విదేశీ లెన్సులతో అది సరిగా పొసగదు.

జూపిటర్-12ను పరీక్షించేటప్పుడు నేను చూసేవి ఇవి. అపర్చరు పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, పక్కవాటుగా గాజుల్లోకి చూడాలి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్, పలచని పాలపొరలా ఉంటే మసక. ముందు గాజు మీద చిన్న గీతలకు భయపడనక్కరలేదు, వెనక గాజు మీద గీతలుంటే మాత్రం వదిలేయండి. ఆ గాజు పొడుచుకు వచ్చి ఉండటంతో లోతు లేని మూత వేసి పాడుచేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అపర్చరు రేకుల మీద నూనె కనిపిస్తే అది పెద్ద లోపం కాదు. ఎస్ఎల్ఆర్ లెన్సులో రేకులు క్షణంలో ముడుచుకోవాలి కాబట్టి నూనె అంటితే పని చెడుతుంది, ఇక్కడ మనమే చేత్తో తిప్పి పెడతాం. ఆ తిప్పే రింగు ముందు గాజు చుట్టూ లోపలి వైపు ఉంటుంది, క్లిక్కులు ఉండవు, కాబట్టి పొరపాటున కదలకుండా చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఫోకస్ రింగు బిగుసుకుపోయి ఉంటే గ్రీజు ఎండిందని అర్థం, దాన్ని మార్పించే ఖర్చును ధరలో కలిపి లెక్క వేసుకోండి.

దీని ఫలితాల గురించి నిజం చెప్పాలి. ఎఫ్ 2.8 దగ్గర మధ్యభాగం బాగుంటుంది, మూలలు మెత్తబడి కొంచెం చీకటిగా వస్తాయి. ఎఫ్ 5.6 నుంచి ఫ్రేము అంతా తృప్తికరంగా ఉంటుంది. వెలుతురు ఎదురుగా ఉంటే కాంట్రాస్టు పడిపోతుంది కాబట్టి హుడ్ వాడండి. ఆరుబయట ఎఫ్ 8 పెట్టి ఫోకస్‌ను ఐదు మీటర్లకు కాస్త పైన ఉంచితే, దాదాపు రెండున్నర మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టత వస్తుంది, ప్రతి ఫ్రేముకూ రేంజ్‌ఫైండరు మచ్చను కలపనక్కరలేదు. ఎండలో నడిచేటప్పుడు మాత్రం లెన్సుకు మూత వేసి ఉంచండి. అడ్డుగా అద్దం లేని కెమెరాలో సూర్యకాంతి నేరుగా గుడ్డ షట్టరు మీద పడి రంధ్రం చేయగలదు.

లెన్సు చేతికి వచ్చాక, వాపసు గడువు ముగిసేలోపు ఒక పరీక్ష చేయండి. జోర్కీ-4 వెనక తలుపు పూర్తిగా ఊడి వస్తుంది కాబట్టి ఇది సులువు. ఫిల్ము ఆనే లోపలి పట్టాల మీద మసక ప్లాస్టిక్ టేపును బిగుతుగా అతికించి, షట్టరును బీ (నొక్కి ఉంచినంతసేపు తెరుచుకునే అమరిక) మీద తెరిచి ఉంచి, అపర్చరును ఎఫ్ 2.8కి పెట్టండి. దూరంగా ఉన్న ఏదైనా స్తంభానికి రేంజ్‌ఫైండరులో రెండు బింబాలనూ కలిపి, టేపు మీద పడిన బొమ్మను భూతద్దంతో చూడండి. తర్వాత మీటరున్నర దూరంలో ఉన్న అక్షరాలతో మళ్లీ చూడండి. రెండు చోట్లా పదునుగా ఉంటే లెన్సును ఉంచుకోండి. రెండు చోట్లా తేడా వస్తే, తిప్పి పంపే ముందు ఒకసారి మీ జూపిటర్-8తో అదే పరీక్ష చేసి చూడండి, ఎందుకంటే దానితోనూ తేడా వస్తే సర్దించాల్సింది కెమెరాలోని రేంజ్‌ఫైండరును.