నాన్నగారి చక్రాల కుర్చీ బాత్రూంలోకి వెళ్లేదెలా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ఆరు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు స్వాధీనం తప్పాయి. పట్టు దొరికితే కుడికాలి మీద కాసేపు నిలబడగలరు. మిగతా వేళంతా చక్రాల కుర్చీలోనే. మా బాత్రూం 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. తలుపు రెండుంబావు అడుగులది, లోపలికి తెరుచుకుంటుంది. మూడంగుళాల గడప తీస్తే నీళ్లు పడకగదిలోకి వస్తాయని మేస్త్రి అంటున్నారు. కొత్త కమోడ్, పట్టుకడ్డీలు ఎలాంటివి కొనాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొనుగోళ్లు కాస్త ఆపి, ముందు తలుపు సంగతి చూడండి. చక్రాల కుర్చీ వెడల్పు సాధారణంగా 25, 26 అంగుళాలు ఉంటుంది కాబట్టి మీ తలుపులో అది ఎలాగోలా దూరినా, చక్రం తిప్పే వేళ్లు ద్వారబంధానికి గీసుకుపోతాయి. కట్టడాలు దివ్యాంగులకూ అనువుగా ఉండాలంటూ కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 2021 మార్గదర్శకాలు రెక్క తెరిచాక మిగిలే ఖాళీయే 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 3 అడుగులు, ఉండాలంటాయి. రెక్క బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. ఆయన లోపల తలుపుకు అడ్డంగా పడిపోతే, లోపలికి తెరుచుకునే రెక్కను ఎవరూ నెట్టలేరు. గడియ కూడా బయటి నుంచి తీయగలిగేదై ఉండాలి.

మేస్త్రి భయం అర్థం లేనిది కాదు గానీ, నీటిని ఆపవలసింది గడప కాదు, వాలు. గచ్చును తలుపు దగ్గర నుంచి దూరపు గోడ వైపు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు వాలుతో వేసి, జాలీని ఆ చివర పెట్టి, తలుపు దగ్గర కూడా అడ్డంగా ఒక సన్నని జాలీ కాలువ వేయిస్తే గడప అక్కర్లేదు. నునుపు టైల్స్ మాత్రం వద్దు.

చక్రాల కుర్చీ గుండ్రంగా తిరగడానికి 5 అడుగుల వృత్తమంత ఖాళీ కావాలి. మీ గదిలో కమోడ్, వాష్ బేసిన్ పోగా అంత మిగలదు. బేసిన్‌ను బయటికి మార్చి, కుర్చీ నేరుగా లోపలికి వెళ్లి వెనక్కి వచ్చేలా ఏర్పాటు చేసుకోవడమే మీకు సాధ్యమైన దారి.

ఇక కమోడ్. మామూలు సీటు 15, 16 అంగుళాల ఎత్తులో ఉంటుంది; అంత కిందకు కూర్చున్నాక ఒంటి కాలి మీద లేవడం మహా కష్టం. మార్గదర్శకాల్లోని 450 నుంచి 480 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే సుమారు 18, 19 అంగుళాలు, ఆయన కుర్చీ సీటు ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. కూర్చున్నప్పుడు ఆయన కుడిచేతి పక్కకు గోడ వచ్చేలా కమోడ్ బిగించాలి. హెల్త్ ఫాసెట్, ఫ్లష్, పిలుపు గంట అన్నీ కుడివైపే ఉండాలి. ఎడమవైపు ఎంత ఖరీదైన కడ్డీ పెట్టినా ఆయనకు అది అలంకారమే.

కడ్డీ 32 నుంచి 40 మిల్లీమీటర్ల మందంతో, గోడకు కనీసం 40 మిల్లీమీటర్ల ఎడంతో ఉండాలి. చాలా ఇళ్లలో తువ్వాలు వేసుకునే కడ్డీనే పట్టుకడ్డీ అనుకుంటారు. మనిషి బరువు పడిన రోజున అది టైలుతో సహా ఊడి వస్తుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో ప్లాస్టిక్ ప్లగ్గులు చాలవు. రసాయన జిగురుతో నాటే ఇనుప బోల్టులు వాడమనండి. బిగించాక, వాటి బలం పూర్తిగా కుదిరిన తరువాత, మేస్త్రినే దాని మీద తన బరువంతా వేసి లాగి చూడమనండి.

స్వాధీనం తప్పిన వైపు చర్మానికి వేడి తెలియకపోవచ్చు. గీజరు నీళ్లు బకెట్లో కలిపి, మీరు చేత్తో చూశాకే పోయండి.

టైల్స్ అంటించడానికి ముందు ఒక పని చేయండి. కమోడ్ రాబోయే చోట అదే ఎత్తున్న గట్టి కుర్చీ ఒకటి వేసి, ఫిజియోథెరపిస్టు పక్కన ఉండగా నాన్నగారిని అందులోకి మార్చండి. లేవబోతూ ఆయన కుడిచేయి గోడ మీద ఎక్కడ ఆనుకుంటుందో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. రెండు మూడు సార్లు చేయిస్తే ఆ గీతలు దాదాపు ఒకేచోట పడతాయి. కడ్డీ ఎత్తు అదే.