ఆవాల దిండు సంగతి దాచొద్దు

ప్రశ్న: మాది విశాఖ, మధురవాడ. పాపకు మూడో నెలలో ఆన్‌లైన్‌లో 2,400 రూపాయలకు బేబీ బెడ్ సెట్ కొన్నాం. మెత్తటి పరుపు, చుట్టూ ఉబ్బెత్తు అంచులు, చిన్న దిండు వచ్చాయి. తల గుండ్రంగా రావాలని అత్తగారు ఆ దిండు తీసి ఆవాల దిండు పెట్టారు. ఒక రాత్రి పాప పక్కకు తిరిగి, ముఖం అంచుకు ఒత్తుకుపోయి పెదాలు నీలంగా మారాయి. నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. ఇప్పుడు బాగానే ఉంది. ఇంట్లో మాత్రం అందరూ నన్నే అంటున్నారు. ఇది జరిగి 19 నెలలైంది. బెడ్ వెనక్కి పంపితే డబ్బంతా ఇచ్చేస్తామని కంపెనీ అంటోంది. అట్టపెట్టె, ట్యాగులు పారేశాం. కేసు వేస్తే ఆవాల దిండు మాట రాయకుండా ఉండొచ్చా?

జవాబు: ఇంట్లో ఎవరేమన్నారో వినియోగదారుల కమిషన్‌కు అక్కర్లేదు. కేసును తేల్చేది ఒక్కటే. ఆ రాత్రి పాపకు ఊపిరాడకుండా చేసింది బెడ్ అంచా, ఆవాల దిండా?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 84 ప్రకారం డిజైన్‌లో లోపం ఉన్నా, సరైన సూచనలూ హెచ్చరికలూ ఇవ్వకపోయినా తయారీదారుదే బాధ్యత. వాళ్ల లాయరు సెక్షన్ 87 పట్టుకుంటారు. వస్తువును తప్పుగా వాడినా, మార్చినా అమ్మినవారిపై దావా నిలవదు, అందరికీ తెలిసిన ప్రమాదానికి హెచ్చరిక అక్కర్లేదు అని అందులో ఉంది. ‘దిండు మార్చారా, లేదా?’ అన్నదే మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న.

అందుకని దాస్తే కేసు అక్కడే పోతుంది. అడ్మిట్ చేసిన రాత్రి డ్యూటీ డాక్టరు ‘ఎలా జరిగింది’ అని అడిగి, విన్నది కేస్ షీట్ మొదట్లోనే రాస్తారు. ఆ కంగారులో మీలో ఎవరో ఒకరు దిండు సంగతి చెప్పే ఉంటారు. అఫిడవిట్‌లో ఒకటి, కేస్ షీట్‌లో ఒకటి ఉంటే మీ మాట ఇక ఎవరూ నమ్మరు. అబద్ధపు అఫిడవిట్ నేరం కూడా. అయినా భయమెందుకు? సెట్‌లో దిండు పెట్టి అమ్మింది వాళ్లే కదా! ముఖం ఒత్తుకున్నది అంచుకని తేలితే, తల కింద ఏ దిండు ఉందన్నది చిన్న విషయమైపోతుంది.

అది తేల్చాల్సింది పిల్లల డాక్టరు. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, దిండూ బొంతా మెత్తటి అంచులూ లేకుండా పడుకోబెట్టాలన్నది వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నదే. ఉయ్యాల లోపల చుట్టూ కట్టే మెత్తటి అంచులను (బంపర్లు) అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది. ఆ చట్టం మనకు వర్తించదు గానీ, ఈ ప్రమాదం తయారీదారులకు తెలియనిది కాదని చూపడానికి పనికొస్తుంది. మన ఇళ్లలో తల్లులకు తెలుసా అంటే, ఆవాల దిండే దానికి జవాబు. తెలిస్తే ఎవరూ పెట్టరు కదా! ‘అందరికీ తెలిసిన ప్రమాదమే’ అన్న వాళ్ల వాదనకు మీరు చెప్పాల్సింది ఇదే.

బెడ్ వెనక్కి పంపారో, మీ సాక్ష్యాన్ని మీ చేత్తోనే వాళ్లకు అప్పగించినట్టు. ఉతక్కుండా సంచిలో కట్టి బీరువాలో పెట్టండి. కమిషన్ ల్యాబ్ పరీక్షకు పంపమంటే అదే కావాలి. ట్యాగులు పారేయడం మాత్రం ఒట్టి నిర్లక్ష్యం. హెచ్చరిక ఉందో లేదో చెప్పేది ఆ ట్యాగే. ఇక మిగిలింది అమ్మకం పేజీ. వాళ్లు మార్చేలోపే ఫొటోలు, వివరాలతో సహా స్క్రీన్‌షాట్లు తీయండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే పత్రం, జత చేయాలి. కేస్ షీట్ కోసం ఆస్పత్రికి రాతపూర్వకంగా అప్లై చేయండి. 72 గంటల్లో ఇవ్వాలని నిబంధన.

గడువు రెండేళ్లు, ఘటన జరిగిన రోజు నుంచి. 19 నెలలు ఊరికే పోయాయి. లీగల్ నోటీసు ఇచ్చినా, కంపెనీతో ఈమెయిళ్లు నడిపినా గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, టెన్షన్‌లో ఉన్నామంటే ఒప్పుకుంటారని నమ్మకం లేదు.

కంపెనీ ఎక్కడున్నా మీరు విశాఖ జిల్లా కమిషన్‌లోనే, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయొచ్చు. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. బిల్లు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. పుట్టింటివాళ్లు కొనిచ్చినా ఇబ్బంది లేదు, కొన్నవారి అనుమతితో వాడినవారూ వినియోగదారులే.