ఎంటాంగిల్‌మెంట్ నుంచి పని రాబట్టవచ్చా?

రాబట్టవచ్చు. ఎంటాంగిల్‌మెంట్ అంటే రెండు క్వాంటమ్ వ్యవస్థల స్థితులు విడివిడిగా చెప్పలేనంతగా ముడిపడి ఉండటం. రెండు క్యూబిట్లు (ఒక్కోదానికి రెండు స్థాయిలుండే క్వాంటమ్ వ్యవస్థలు; ఇక్కడ ఆ రెండు స్థాయిల శక్తీ సమానమే) గరిష్ఠంగా ఎంటాంగిల్ అయ్యాయనుకుందాం. దేన్ని విడిగా చూసినా పూర్తి అస్తవ్యస్తం. దాని నుంచి రవ్వంత పని కూడా రాదు. జంటగా చూస్తే మాత్రం ఎంట్రోపీ, అంటే అస్తవ్యస్తతకు కొలత, సున్నా!

ఎంట్రోపీ దాని గరిష్ఠ విలువ కంటే ఒక బిట్ తక్కువగా ఉంటే, 300 కెల్విన్ల ఉష్ణాశయం (ఉష్ణోగ్రత మారని పెద్ద వేడి నిల్వ) నుంచి గరిష్ఠంగా సుమారు 2.9 × 10⁻²¹ జౌళ్ల పని తీయవచ్చు. మన జంట ఎంట్రోపీ గరిష్ఠం కంటే రెండు బిట్లు తక్కువ కాబట్టి, రెండు క్యూబిట్లూ ఒకే చేతిలో ఉంటే దీనికి రెట్టింపు వస్తుంది. దూరంగా ఉన్న ఇద్దరు చెరొకటి పట్టుకుని, కొలత ఫలితాన్ని ఫోనులో చెప్పుకుంటే అందులో సగమే దక్కుతుంది. ఆ లోటే అసలైన క్వాంటమ్ భాగం. 2002లో భౌతిక శాస్త్రవేత్తలు ఓపెన్‌హైమ్, ముగ్గురు హొరొడెకీలు దాన్నే క్వాంటమ్ సహసంబంధాలకు కొలమానంగా ప్రతిపాదించారు. నాకెంతో అందంగా తోచే ఆలోచన ఇది.

ఒకే ఉష్ణాశయం నుంచి, మరే మార్పూ లేకుండా పని తీయలేమనే ఉష్ణగతిక శాస్త్ర రెండో నియమానికి భంగమేమీ లేదు. పని పూర్తయ్యేసరికి ఆ ఎంటాంగిల్‌మెంట్ ఖర్చైపోతుంది.