దేవుడు చేయి వదిలేశాడేమోనన్న భయం.. ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 34. ఊహ తెలిసినప్పటి నుంచి దేవుడే దిక్కనుకుంటూ పెరిగాను. నాలుగు నెలలుగా ప్రార్థనకు కూర్చుంటే అవతల వినేవాళ్లెవరూ లేనట్లు ఉంటోంది. ఒక్క మాట తడబడినా శిక్ష పడుతుందేమోనని గుండె దడ. మళ్లీ మొదటి నుంచి చేస్తాను. రోజూ గంటన్నర దాకా పడుతోంది. చిన్నప్పుడు మా నాన్న ఎప్పుడు దగ్గరకు తీస్తారో, ఎప్పుడు కసురుతారో తెలిసేది కాదు. తండ్రి ఎలా ఉంటే దేవుడూ అలాగే అనిపిస్తాడని ఎక్కడో చదివాను. నిజమేనా? నాది జబ్బా, భక్తిలో లోపమా?

జవాబు: భక్తి కొలతలు తీయడం వైద్యం పని కాదు. దేవుడు ఉన్నాడా లేడా అన్నదీ మేం తేల్చేది కాదు. మీరు రాసిన దాంట్లో మూడు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి. అనుబంధం తీరు, మనసు మొద్దుబారడం, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం. మొదటిది జబ్బు కాదు. మిగతా రెండింటికీ పరీక్ష అవసరం. ముఖ్యంగా ఆ గంటన్నరకి.

ముందు మీరు అడిగిన తండ్రి సంగతి. పసిబిడ్డ పెద్దవాళ్లను అంటిపెట్టుకునేది పాల కోసమే కాదు, రక్షణ కోసమని బ్రిటిష్ సైకియాట్రిస్టు జాన్ బౌల్బీ 1969 నుంచి 1980 దాకా వచ్చిన మూడు సంపుటాల్లో వివరించారు. ఆయనతో కలిసి పనిచేసిన సైకాలజిస్టు మేరీ ఐన్స్‌వర్త్ ఏడాది వయసు పిల్లలను గమనించారు. తల్లి కాసేపు గదిలోంచి వెళ్లి తిరిగొస్తే కొందరు ఏడ్చినా, ఎత్తుకోగానే ఊరడిల్లి ఆటలో పడ్డారు. కొందరు పట్టనట్లు ముఖం తిప్పుకున్నారు. ఇంకొందరు చేతులు చాచి, తీరా ఎత్తుకున్నాక తోసేస్తూ, ఎంతకీ ఊరుకోలేదు. ఆదరణ ఒకసారి దొరికి ఒకసారి దొరకని చోట ఈ మూడో తీరు ఎక్కువగా కనిపిస్తుంది. ‘ఇప్పుడు ఉన్నారా, లేరా’ అని అనుక్షణం కనిపెట్టుకుని ఉండటం అలవాటైపోతుంది.

1990లో సైకాలజిస్టులు లీ కిర్క్‌పాట్రిక్, ఫిలిప్ షేవర్ ఈ అనుబంధ సిద్ధాంతాన్ని మతవిశ్వాసానికి అన్వయించి పరిశోధించారు. పోలిక తేలిగ్గానే అర్థమవుతుంది. భయమేస్తే పరుగెత్తి చేరే ఆశ్రయం, వెనక ఉన్నాడన్న ధీమాతో ముందడుగు వేయించే దన్ను, దూరమైతే తల్లడిల్లడం.. బిడ్డకు తల్లితో ఉన్నవన్నీ భక్తుడికి దేవుడితోనూ ఉంటాయి. అయితే ‘తండ్రి ఎలాగో దేవుడూ అలాగే’ అన్నది సగం నిజమే. కొందరిలో ఇంట్లోని అనుబంధమే దేవుడి మీదా ప్రతిబింబిస్తుంది. ఇంకొందరిలో దీనికి విరుద్ధంగా, ఇంట్లో దొరకనిది దేవుడి దగ్గర వెతుక్కుంటారు. కష్టకాలంలో హఠాత్తుగా భక్తి వైపు మళ్లేవారిలో ఈ రెండో దారి ఎక్కువ. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. మీలో ఉన్నాయనే అనిపిస్తోంది. పరిశోధకులు దీన్ని కొలవడానికి 28 వాక్యాల ప్రశ్నావళి ఒకటి వాడతారు. వదిలేస్తాడేమోనన్న ఆందోళన ఎంత, మనసు విప్పకుండా దూరం పాటించడం ఎంత అని రెండు లెక్కలు చూస్తారు. అది రోగ నిర్ధారణ పరీక్ష కాదు. ఇంటర్నెట్ క్విజ్‌లు అసలే కావు.

‘ఎవరూ లేనట్లు ఉంది’ అన్నది అనుబంధం వల్లే అని నేను ఇప్పుడే అనను. డిప్రెషన్‌లో సంగీతం, స్నేహితులు, బిడ్డ నవ్వు రుచించనట్లే ప్రార్థనా రుచించదు. దాన్ని దేవుడి మౌనంగా తీసుకుంటారు. రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులు లేదా నిరాసక్తత ఉండి, నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత కూడా దెబ్బతింటే సైకియాట్రిస్టుకు చూపించండి. థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం కావచ్చు. చచ్చిపోవాలనిపించినా, ఏదైనా చేయమని ఆజ్ఞాపించే గొంతు వినిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక గంటన్నర. ఆపలేని ఆలోచనలు, పదేపదే చేసే పనులు రోజుకు గంటకు మించి తినేస్తుంటే ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) అనే మానసిక సమస్య అని అనుమానిస్తాం. దాని చుట్టూ తిరిగేది చేతుల శుభ్రతే కానక్కర్లేదు, పాపభయమూ కావచ్చు. తప్పు జరిగిందన్న సందేహం, దడ, మళ్లీ మొదటి నుంచి చేయడం, కాసేపు ఉపశమనం. ఆ ఉపశమనమే ఉచ్చు. ‘మళ్లీ చేశాను కాబట్టే గండం గడిచింది’ అని మెదడు నేర్చుకుంటుంది, మర్నాడు ఇంకా గట్టిగా అడుగుతుంది.

దీనికి ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే చికిత్స ఉంది. అంటే భయాన్ని ఎదుర్కొంటూనే, మళ్లీ మళ్లీ చేసే పనిని ఆపడం. శిక్షణ ఉన్న సైకాలజిస్టుతో చేయాలి. సాధారణంగా ఇలా సాగుతుంది. ప్రార్థనకు ముందే సమయం నిర్ణయించుకుంటారు, ఉదాహరణకు 15 నిమిషాలు. తడబడితే వెనక్కి వెళ్లరు. అలారం మోగగానే లేస్తారు. దడ ఎంతుందో 0 నుంచి 10 వరకు అంకె వేస్తారు, పది నిమిషాలకోసారి మళ్లీ రాస్తారు. చాలామందిలో అది తనంతట తానే దిగుతుంది. వెంటనే దిగకపోయినా, దాన్ని ఓర్చుకోగలనని తెలియడమే ఇక్కడ నేర్చుకునేది. మొదటి రోజే 9 వచ్చే పనితో మొదలుపెట్టకండి, 4 వచ్చేదాన్ని ఎంచుకోండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఎక్కడంటే, బయటికి ఆపి లోలోపల గొణుక్కుంటారు. లేదా ‘దేవుడు క్షమిస్తాడు కదా?’ అని ఇంట్లోవాళ్లను పదిసార్లు అడుగుతారు. రెండూ పాత చక్రమే. మీరు గౌరవించే మతపెద్దను ఒక్కసారి కలిసి, నిజంగా తప్పనిసరి ఏదో కాగితం మీద రాయించుకోండి. మళ్లీ అడగొద్దు. డాక్టర్ మందులు రాస్తే, ఓసీడీకి డిప్రెషన్ కంటే ఎక్కువ మోతాదు పట్టొచ్చు. ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు ఆగాలి. మధ్యలో మీ అంతట మీరు ఆపకండి.

అనుబంధం సంగతి నెమ్మదిగా మారేది. రెండు వారాలు ఓ నోట్‌బుక్‌లో రాయండి: దేవుడు దూరమయ్యాడనిపించిన సమయం, దానికి ముందు ఎవరితో ఏం జరిగింది, ఆ క్షణంలో దేవుడు కోపంగా ఉన్నట్లు తోచిందా, పట్టించుకోనట్లు తోచిందా. ఎవరో కసిరిన రోజునే దేవుడూ కసిరినట్లు ఉంటే ఆ పేజీ చికిత్సలో బాగా పనికొస్తుంది. ప్రార్థనలో పొగడ్తలే కాకుండా అలక, కోపం కూడా ఉన్నదున్నట్లు చెప్పి చూడండి. మాట నిలబెట్టుకునే ఒక మనిషితో క్రమం తప్పని సాంగత్యం కూడా ఈ తీరును మారుస్తుంది.

నోట్‌బుక్‌తో పాటు, ప్రార్థనకు రోజూ ఎన్ని నిమిషాలు పడుతోందో వారం లెక్క రాసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ‘భక్తి మానేస్తే అన్నీ తగ్గిపోతాయి’ అని ఎవరైనా అంటే వేరే డాక్టర్‌ను చూసుకోండి.