సంఘంలో చేరే విషయమై మేనకోడలికి లేఖ

చిత్తూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎన్‌రోల్‌మెంట్ అయి ఏడాదిన్నర గడిచిందనీ, తిరుపతిలో క్రిమినల్ సైడే చేయాలని, అందులోనూ ముద్దాయిల తరఫునే నిలబడాలని నిశ్చయించుకున్నాననీ రాశావు. చాలా సంతోషించాను. అయితే న్యాయవాదుల సంఘంలో చేరడం నిజంగా అవసరమా, చందా కట్టడం, ఎన్నికలప్పుడు రెండు వర్గాల మధ్య నలగడం తప్ప దానివల్ల ఒరిగేదేమిటి అని కూడా అడిగావు. ఆ మాటకు ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక, తీరిక చేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కూడా వృత్తిలోకి వచ్చిన మొదటి మూడేళ్లు సంఘంలో చేరలేదు. సీనియర్ ఆఫీసు, కోర్టు హాలు, ఇల్లు, ఇంతే నా లోకం. ఆ రోజుల్లో పలమనేరు వైపు పల్లెకు చెందిన ఒక కూలీ దొంగతనం కేసులో రిమాండులో ఉండగా, అతని భార్య కొంగుముడి విప్పి, నలిగిన పది రూపాయల నోట్లు ఒక్కొక్కటే సాపు చేసి నా చేతిలో పెట్టింది. అరవై రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే, పూచీకత్తు ఇవ్వడానికి సిద్ధపడిన ముద్దాయికి బెయిలు హక్కుగా దక్కుతుందని నాకు తెలుసు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 167వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 187. తెలియనిదల్లా లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది. రిమాండు చేసిన రోజును వదిలేసి మరుసటి రోజు నుంచి లెక్కపెట్టాను. నా లెక్కలో అరవై ఒకటవ రోజు రెండవ శనివారం పడింది కాబట్టి పిటిషన్ సోమవారం వేద్దామనుకున్నాను. నిజానికి అరవై ఒకటవ రోజు శుక్రవారమే వచ్చింది. సోమవారం పదిన్నరకు నేను కాగితాలు పట్టుకుని వెళ్లేసరికి, దారంతో కుట్టిన చార్జిషీటు కట్ట బెంచ్ క్లర్క్ బల్ల మీద ఉంది. చార్జిషీటు వచ్చేలోపు పిటిషన్ వేయకపోతే ఆ హక్కు పోతుంది. ఆ మనిషి మరో నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం సంఘం హాల్లో ఒక పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రిమాండు రోజును కూడా కలుపుకొనే లెక్కపెట్టాలని 1986లోనే మన రాష్ట్రం నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన చాగంటి సత్యనారాయణ కేసులో తేలిందని చెప్పి, ఆ తీర్పున్న పుస్తకం బీరువాలోంచి తీసి చూపించారు. "శుక్రవారం నువ్వు ఈ బల్ల దగ్గర ఉండి ఉంటే ఎవరో ఒకరం అడిగేవాళ్లం నాయనా" అన్నారు. తరువాత వేరే తీర్పులు వచ్చి ఈ విషయం మళ్లీ గందరగోళమై, చివరకు 2023 మార్చిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం రిమాండు రోజు లెక్కలోకి వస్తుందని ఖాయం చేసింది. ఆ తీర్పు గురించి చదివిన రోజు ఆ కొంగుముడే నా కళ్ల ముందు మెదిలింది. ఆ పెద్దాయన పుస్తకం తీసి చూపించిన మరుసటి వారమే నేను సంఘంలో సభ్యత్వం తీసుకున్నాను. అందువల్ల ఈ విషయంలో నేను చెప్పేది ముందుగా నీ లాభం గురించి కాదమ్మా. ముద్దాయి తరఫు న్యాయవాది ఒంటరిగా ఉంటే అందుకు మూల్యం చెల్లించేది జైల్లో ఉన్నవాడే.

ప్రాసిక్యూషన్ వైపు చూడు. వాళ్ల వెనుక పోలీసు స్టేషన్ ఉంది, ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది, ప్రాసిక్యూషన్ శాఖ ఉంది, ఒక ఎ.పి.పి. (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) సెలవు పెడితే ఇంకొకరు వచ్చి నిలబడతారు. నీ వైపు నువ్వు, నీ గుమాస్తా, ఒక ఫైలు. ఈ తేడాను కొంతైనా పూడ్చేది తోటి న్యాయవాదులే. అమెరికాలో ముద్దాయిల తరఫు న్యాయవాదులకు ప్రత్యేకంగా 1958 నుంచి ఒక జాతీయ సంఘమే ఉంది. మన దగ్గర సివిల్, క్రిమినల్ అందరికీ కలిపి ఒకటే బార్ అసోసియేషన్ కాబట్టి, అందులో క్రిమినల్ సైడు వాళ్లు కూర్చునే బల్లనే నువ్వు నీ సంఘంగా భావించుకోవాలి.

మన ప్రాంతపు కేసుల స్వభావం వల్ల ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఎర్రచందనం కేసుల కోసం తిరుపతిలో ప్రత్యేక కోర్టే ఉంది, అందులో నువ్వు చూసే ముద్దాయిల్లో చాలామంది తిరువణ్ణామలై వైపు నుంచి, జవ్వాది కొండల నుంచి కూలికి వచ్చినవాళ్లు. వాళ్లకు తెలుగు రాదు, రిమాండు రిపోర్టులో ఏముందో తెలియదు. నీకు తమిళం అర్థమవుతుంది కానీ ధారాళంగా మాట్లాడలేవు. చిత్తూరు, పుత్తూరు వైపు నుంచి వచ్చిన సభ్యుల్లో తమిళం ఇంటి భాషగా ఉన్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వకాలతు మీద వేలిముద్ర వేయించే ముందు అలాంటి తోటి న్యాయవాదిని ఒక పావుగంట జైలుకు తోడు రమ్మని అడుగు. అలా అడిగినప్పుడు కాదన్నవాళ్లను నేను చూడలేదు.

బెయిలు వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. కొండ మీద పూరిల్లు తప్ప ఏమీ లేనివాడికి జామీను ఎవరు నిలబడతారు? అతని ఊరివాళ్లు వచ్చినా, పక్క రాష్ట్రపు ఇంటి పన్ను రసీదు ఇక్కడ చెల్లదని కోర్టు ఆఫీసులో తిప్పి పంపుతారు. 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ విషయమే తేల్చింది. ఒక తాపీ మేస్త్రీకి జామీను నిలబడిన సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మెజిస్ట్రేట్ నిరాకరించగా, జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిరాకరణను గట్టిగా తప్పుపట్టారు. ఆ తీర్పు ప్రతిని మెమోకు జతచేయాలని నాకు నేర్పింది ఏ పుస్తకమూ కాదు, సంఘం హాల్లో పక్క కుర్చీలో కూర్చున్న మిత్రుడు. అలాగే చిత్తూరులో బెయిలు వచ్చినవాడు జైలు గేటు దాటకముందే రాజంపేట కేసులోనో, రైల్వే కోడూరు కేసులోనో పీటీ వారంటు (ఒక కేసులో జైల్లో ఉన్నవాణ్ణి మరో కేసు కోర్టుకు తెప్పించే ఉత్తర్వు) మీద వెళ్లిపోతాడు. అప్పుడు అక్కడి కోర్టులో ఆ రోజే వకాలతు వేసే మనిషి కావాలి. ఆ పేరు, ఫోను నంబరు నీకు ఏ డైరెక్టరీలోనూ దొరకవు, సంఘంలో అడిగితే రెండు నిమిషాల్లో దొరుకుతాయి. పట్టుబడిన వాహనం విడుదల కోసం మెజిస్ట్రేటు ముందు పిటిషన్ వేసి నెలలు పోగొట్టుకున్న జూనియర్లను కూడా చూశాను. రాష్ట్ర అటవీ చట్టం కింద ఆ వాహనం జప్తు సంగతి అటవీ శాఖ అధీకృత అధికారి ముందు విడిగా నడుస్తుందని, అక్కడ నోటీసుకు సకాలంలో జవాబు ఇవ్వాలని, అప్పీలు జిల్లా కోర్టుకు పోతుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ లారీ యజమాని బతుకు వేరుగా ఉండేది.

నీ సొంత రక్షణ సంగతి కూడా రాయాలి. ముద్దాయి తరఫున గట్టిగా నిలబడితే ఏదో ఒకరోజు స్టేషన్ నుంచి నీకే పిలుపు రావచ్చు, నీ కక్షిదారు నీతో ఏం చెప్పాడో చెప్పమని అడగవచ్చు. 2025లో ఒక కేంద్ర దర్యాప్తు సంస్థ, కక్షిదారులకు న్యాయసలహా ఇచ్చిన సీనియర్ న్యాయవాదులకే సమన్లు పంపింది. దేశమంతటా న్యాయవాదుల సంఘాలు నిరసన తెలపడంతో ఆ సమన్లు వెనక్కి తీసుకున్నారు. సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తానుగా విచారణకు తీసుకుని, సంఘాల వాదన కూడా విని, 2025 అక్టోబరు 31న తీర్పు చెప్పింది. సాక్ష్య అధినియమంలోని 132వ సెక్షన్ చెప్పిన మినహాయింపుల కిందకు వస్తే తప్ప కక్షిదారు వివరాల కోసం న్యాయవాదిని పిలవకూడదనీ, అలా పిలవాలన్నా ఎస్పీ స్థాయికి తగ్గని పై అధికారి ముందస్తు ఆమోదం ఉండాలనీ అందులో ఉంది. ఆ సీనియర్లకు దేశమంతా తెలిసిన పేర్లున్నాయి. తిరుపతిలో ఏడాదిన్నర ప్రాక్టీసు ఉన్న అమ్మాయికి అలాంటి పిలుపు వస్తే, ఆ తీర్పు ప్రతి చేతిలో పెట్టుకుని స్టేషనుకు నీతో నడిచివచ్చేది సంఘం అధ్యక్షుడూ, కార్యదర్శీ మాత్రమే. నేను అలా రెండుసార్లు జూనియర్ల వెంట వెళ్లాను. రెండుసార్లూ మాట మర్యాద మారింది.

సంక్షేమం విషయం క్లుప్తంగా చెబుతాను. వకాలతు మీద మనం అతికించే సంక్షేమ నిధి స్టాంపు 1987 నాటి రాష్ట్ర చట్టం కిందిది. సంఘంలో చేరితే ఆ నిధిలో సభ్యత్వం దానంతట అదే వస్తుందనుకోవద్దు, దానికి వేరే దరఖాస్తు ఉంటుంది. సంఘం ఆఫీసులోనే అడిగి, రెండూ ఒకేసారి పూర్తిచేయి. వృత్తిలో ఉన్నవాళ్లకు జబ్బు చేసినప్పుడు, చనిపోయినప్పుడు ఆ ఫారం నింపలేదని బాధపడిన కుటుంబాలు నాకు తెలుసు.

నువ్వు భయపడుతున్న వర్గాల గొడవ లేదని అబద్ధం చెప్పలేను. ఉంది. ఎన్నికల నెలలో హాల్లో మాటలు వేడెక్కుతాయి, నిన్ను కూడా తమ వైపు లాగుతారు. ఓటు వెయ్యి, కానీ ఎవరి కారులోనూ ప్రచారానికి వెళ్లవద్దు. చిత్తూరు సంఘంలో కూడా చేరమంటారేమో, చేరవచ్చు, కానీ ఓటు మాత్రం నువ్వు రోజూ ప్రాక్టీసు చేసే తిరుపతిలోనే ఉంచుకో. సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ విషయంలో 2011లో వచ్చిన తీర్పు ఒక న్యాయవాదికి ఒకే బార్‌లో ఓటు అన్న పద్ధతిని సమర్థించింది. ఆడపిల్లను, నాకెందుకు ఈ కమిటీలు అని కూడా అనుకోవద్దు. అదే బార్ కార్యవర్గంలో మూడింట ఒక వంతు స్థానాలు మహిళలకు ఉండాలని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మన జిల్లా సంఘాల్లో కూడా ఆ మాట అడగవలసింది మీ తరం వాళ్లే.

అయితే రెండు విషయాల్లో సంఘం మాట కంటే నీ వృత్తిధర్మం పెద్దదని గుర్తుంచుకోవాలి. ఊరు అట్టుడికిపోయే నేరం జరిగినప్పుడు, ఆ ముద్దాయికి ఎవరూ వకాలతు వేయకూడదని కొన్నిచోట్ల సంఘాలు తీర్మానాలు చేస్తుంటాయి. కోయంబత్తూరు నుంచి వెళ్లిన కేసులో అలాంటి తీర్మానాలు చెల్లవని 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ముద్దాయి నేరం చేశాడో లేదో అన్న సొంత అభిప్రాయంతో పని లేకుండా అతని తరఫున నిలబడటం న్యాయవాది విధి అని బార్ కౌన్సిల్ నియమాలే అంటున్నాయి. అలాంటి తీర్మానం వచ్చిన రోజు సమావేశంలో లేచి ఈ తీర్పు చదువు. సభ్యురాలివి కాకపోతే ఆ మాట చెప్పడానికి నీకు మైకు ఇవ్వరు. రెండవది విధుల బహిష్కరణ. న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని 2002లోనే హరీశ్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ దావాలో ఒక వాయిదా పోతే ఒక వాయిదానే పోతుంది, రిమాండు ముద్దాయికి మాత్రం ఆ రాత్రి కూడా జైలే. రిమాండులో ఉన్నవాళ్ల బెయిలు పిటిషన్లు బహిష్కరణ నుంచి మినహాయించాలని మా దగ్గర ముగ్గురం నలుగురం కలిసి అడుగుతూ వచ్చాము, చాలాసార్లు ఒప్పుకున్నారు. ఒప్పుకోని రోజు కూడా నేను హాజరయ్యాను. దానివల్ల కొన్నాళ్లు కొందరు మాట్లాడలేదు, అంతకుమించి ఏమీ జరగలేదు.

చేరడం అంటే ఫారం ఇచ్చి చందా కట్టడం కాదు. మధ్యాహ్నం లంచ్ బెల్లు తరువాత క్యారియర్ విప్పి ఇంటికి ఫోన్లు చేసుకునే బదులు, ఆ గంట హాల్లో క్రిమినల్ బల్ల దగ్గర కూర్చో. మొదటి ఆరు నెలలు ఎక్కువగా విను. ఎవరైనా సాక్షిని బాగా క్రాస్ చేశారని తెలిస్తే ఆ డిపోజిషన్ (కోర్టు రాసుకున్న సాక్షి వాంగ్మూలం) అడిగి తీసుకుని చదువు. నువ్వు ఇవ్వగలిగింది కూడా తక్కువేమీ కాదు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమలులోకి వచ్చాక, ముప్ఫై ఏళ్లుగా పాత సెక్షన్లు నోటికి వచ్చిన మా వంటివాళ్లం రోజూ తడబడుతున్నాము. మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీకి గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిచిపోతే బెయిలు ఇచ్చే నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ సంగతి, పాత కేసులకు కూడా అది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి, నాకు చెప్పింది నీ వయసు కుర్రవాడే. పాత, కొత్త సెక్షన్ల పట్టిక ఒకటి చక్కగా తయారుచేసి హాలు గోడకు అంటించు, వారం తిరిగేసరికి నీ పేరు అందరికీ తెలుస్తుంది.

వచ్చే బుధవారం తిరుపతి కోర్టులో నాకు ఒక వాయిదా ఉంది, ఉదయం బస్సుకే వస్తాను. దరఖాస్తు నింపి, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ జిరాక్సు, ఫొటోలు, సంక్షేమ నిధి ఫారం కూడా సిద్ధంగా ఉంచు. అక్కడ నాకు తెలిసిన సీనియర్లు ఇద్దరు ఉన్నారు, ప్రతిపాదించడానికి వాళ్ల సంతకాలు అడుగుదాం. మొదటి ఏడాది చందా నేనే కడతాను. అమ్మను అడిగినట్లు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య