చోటు తప్పిన డీఎన్ఏ

ప్రశ్న: మాకు రొయ్యల గుంటలున్నాయి. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు. క్యాన్సర్ కణంలో డీఎన్ఏ చోటు తప్పితే ఇమ్యూనిటీ మేలుకుంటుందని చదివాను. మన డీఎన్ఏను మన ఒళ్లే ఎందుకు అనుమానిస్తుంది సార్? ఎవరో ఇమ్యూనిటీ పొడి కొనమంటున్నారు, వాడొచ్చా?
– ఒక రైతు, అల్లూరు, నెల్లూరు జిల్లా

జవాబు: నాయనా, గుంటలో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందు పీసీఆర్ పరీక్ష చేయిస్తావు కదా. ఆ పరీక్ష వెతికేది రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు తెచ్చే వైరస్ డీఎన్ఏనే. మన కణంలోనూ డీఎన్ఏను పట్టే ప్రొటీన్ ఒకటుంది, పేరు సీగ్యాస్. తేడా ఎక్కడంటే, పీసీఆర్ ఆ డీఎన్ఏ ఎవరిదో అక్షరాలు పోల్చి చెబుతుంది. సీగ్యాస్ ఎవరిదని చూడదు, ఎక్కడుందని చూస్తుంది. ఒక్కో కణంలో సాగదీస్తే దాదాపు 2 మీటర్ల డీఎన్ఏ. అది కేంద్రకంలో చుట్టుకుని ఉన్నంతసేపూ సీగ్యాస్ ఊరుకుంటుంది. బయట ముక్క కనబడిందా, వైరస్ వచ్చినట్టే లెక్క.

క్యాన్సర్ కణం ఆగకుండా చీలుతుంది. ఆ హడావిడిలో క్రోమోజోముల పంపకం సరిగ్గా జరగదు. వెనకబడిన ముక్క చుట్టూ పల్చని పొర కట్టి బుల్లి కేంద్రకం తయారవుతుంది. ఆ పొర చిరిగితే డీఎన్ఏ సీగ్యాస్ చేతికి చిక్కుతుంది. సీగ్యాస్ ఒక చిన్న అణువును తయారుచేసి, స్టింగ్ అనే ఇంకో ప్రొటీన్‌కు కబురు పంపుతుంది. అక్కడినుంచి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్ బయలుదేరుతుంది, దాని వెనకే చెడ్డ కణాలను చంపే టీ కణాలు వస్తాయి. రేడియేషన్ డీఎన్ఏను తెంచుతుంది గనుక ఇలాంటి ముక్కలు పెరుగుతాయి. అమ్మకు కరెంటు పెట్టేది ముఖ్యంగా మిగిలిన కణాలను నేరుగా చంపడానికే, ఈ మేలు దానికి తోడు రావచ్చు.

నేను కావలిలో జువాలజీ చెప్పి 2009లో రిటైరయ్యాను. అమెరికాలోని డల్లాస్‌లో జిజియన్ చెన్ అనే శాస్త్రవేత్త బృందం సీగ్యాస్ సంగతి ప్రచురించింది 2013లో. ఆయనకు 2024లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు కూడా వచ్చింది. అది చదివిన రోజు, చెప్పడానికి ఎదురుగా క్లాసు లేదే అని చాలా బాధపడ్డాను.

పొడి మాత్రం వద్దు. చాలా క్యాన్సర్లు స్టింగ్ నోరు నొక్కేస్తాయి. కొన్నింట్లో ఈ కబురు ఎడతెగక సాగి, వ్యాధి పాకడానికే సాయపడుతుంది. డీఎంఎక్స్ఏఏ అనే మందు ఎలుకల్లో కణితులను బాగా తగ్గించింది, మనుషుల్లో పనిచేయలేదు. అది ఎలుక స్టింగ్‌నే పట్టుకుంటుందని, మనదాన్ని కాదని తర్వాత తేలింది. అంత పరీక్షించిన మందే అలా అయినప్పుడు, ఏముందో తెలియని పొడిని అమ్మకు ఎలా పెడతాం? ఆ డబ్బుతో గుడ్లు, పాలు కొను. రేడియేషన్ ఒక్క రోజు కూడా తప్పించకు.