పీహెచ్‌డీకి ముందు ఒక ఏడాది ల్యాబులో ఉండు, బిడ్డా

చిరంజీవి లహరికి,

మెదడు మీద పీహెచ్‌డీ చేస్తానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు చాలా సంతోషంగా ఉంది. కాకతీయ యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ చేసిన పిల్లకు న్యూరోసైన్స్ దూరమేమీ కాదు. కానీ ఈ డిసెంబర్‌లోనే అన్నిచోట్లా అప్లికేషన్లు పెట్టేస్తానన్నావు చూడు, అది వద్దు. ముందు ఒక ఏడాది, వీలైతే రెండేళ్లు, ఏదైనా ల్యాబులో ప్రాజెక్టు మీద పని చెయ్యి.

ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో జవాబు ముందే తెలుసు, రికార్డులో ఏం రాయాలో కూడా తెలుసు. పరిశోధనలో అట్ల ఉండదు. నెలల తరబడి ప్రయోగం కుదరదు. అప్పుడు కూడా మర్నాడు పొద్దున ల్యాబుకు పోవాలనిపిస్తుందా లేదా అన్నది చేసి చూస్తేనే తెలుస్తుంది. ఎలుకకు మత్తిచ్చి, మెదడు తీసి, పల్చని ముక్కలుగా కోయడం చాలా ల్యాబుల్లో మామూలు పని. నీకు చేతులు రాకపోతే తప్పేం లేదు. ఈగల మీద, 302 న్యూరాన్లే (నాడీకణాలే) ఉండే సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగు మీద, మనుషుల ఈఈజీ (తల మీద నుంచి తీసే మెదడు విద్యుత్ సంకేతాలు) మీద, పూర్తిగా కంప్యూటర్ మీద పనిచేసే ల్యాబులు కూడా ఉన్నాయి. చేరాక బాధపడే కంటే ఇప్పుడే తేల్చుకో.

కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ ఎంతో దూరం కాదు. హబ్సిగూడలో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టు. మెయిల్ రాసేటప్పుడు ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపకు, వాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఒక ప్రొఫెసర్ పేపర్ ఒకటి నిజంగా చదివి, అందులో నీకు వచ్చిన సందేహం నాలుగు వాక్యాల్లో రాయి. "చిన్నప్పటి నుంచి మెదడంటే ఇష్టం" అన్న మాట ఎవరినీ కదిలించదు.

పేపర్ చదవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ముందు బొమ్మలు చూడు, రచయితలు చెప్పింది చదవకముందే నీకేం కనిపిస్తుందో రాసుకో. తర్వాత లెక్క చూడు. మూడు ఎలుకల నుంచి అరవై న్యూరాన్లు తీసి, అరవై నమూనాలని రాసేవాళ్లుంటారు. ఒకే ఎలుకలోని కణాలు ఒకదానికొకటి పోలి ఉంటాయి కాబట్టి అవి అరవై విడివిడి సాక్ష్యాలు కావు. "నమూనాలు నిజంగా ఎన్ని?" అన్న ఈ ఒక్క ప్రశ్న అడగడం వస్తే ఇంటర్వ్యూలో నీ మాటకు విలువ వస్తుంది.

జువాలజీ పిల్లలకు లెక్కలంటే భయం, నాకు తెలుసు. పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టు. నాడీకణంలో విద్యుత్ సంకేతం ఎలా పుడుతుందో చెప్పే, హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో రాసిన సమీకరణాలను నీ ల్యాప్‌టాప్‌లో నడిపి చూడు. ఆ కణంలో సోడియం లోపలికి, పొటాషియం బయటికి ఎందుకు పోతాయో పుస్తకంలో పదిసార్లు చదివినా రానిది అక్కడ అర్థమవుతుంది.

పరీక్షల సంగతి నీకు తెలిసిందే: ఫెలోషిప్ కోసం సీఎస్‌ఐఆర్ నెట్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కోసం జేజీబిల్స్ (JGEEBILS). ల్యాబులో ఉంటూనే రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, అది చూస్తే ఇంట్లోవాళ్లకు కూడా టెన్షన్ తగ్గుతుంది. బెంగళూరు ఐఐఎస్సీ, నిమ్హాన్స్, మానేసర్‌లోని మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ తప్పకుండా చూడు. అమెరికా వైపు మనసుంటే మామూలుగా మూడు రికమెండేషన్ లెటర్లు కావాలి. పెద్ద పదవిలో ఉన్న సార్ రాసిన నాలుగు మంచి మాటల కంటే, రోజూ నీ నోట్‌బుక్ చూసిన మనిషి రాసిన లెటర్‌కే బరువెక్కువ. ఆ మనిషి నీకు దొరికేది కూడా ఆ ల్యాబు ఏడాదిలోనే.

పెళ్లి సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను. వచ్చే ఆదివారంలోపు ఒక పేపర్ ఎంచుకుని, మెయిల్ డ్రాఫ్టు నాకు పంపు. దిద్ది ఇస్తాను.

మీ మేనత్త